నాలుగింటికి ఇంకో ఇల్లు

సొంతంగా వ్యాపారం పెట్టుకోవడం ఎలాగో నేర్పే ఆరు వారాల శిక్షణకి వెళ్లేదాకా ఆవిడ తన వదిన కుట్టుషాపులో మిషను తొక్కేది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తింటూ, వచ్చిపోయినవాళ్ల గురించి చెప్పుకుని కడుపుబ్బ నవ్వుకునేవాళ్లు. శిక్షణ అయిన నెలకే ఆవిడ విడిగా గది తీసుకుని కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టింది.

"రెక్కలొచ్చాయిగా, ఎగురు తల్లీ," అంది వదిన. ఆ తర్వాత చావుకీ పెళ్లికీ తప్ప పలకరింపు లేదు.

చుట్టాలకి ఊరికే చేసిపెట్టొద్దనీ, ఇచ్చిన టైము దాటొద్దనీ, పని అయ్యాక కస్టమరు ఇంట్లో కూర్చోవద్దనీ శిక్షణలో మాస్టారు చెప్పిన మాటలు ఆవిడ ఏడేళ్లుగా తు.చ. తప్పకుండా పాటించింది. పని పెరిగింది, పేరూ వచ్చింది. ఎవరి కిటికీ ఎంత వెడల్పో, ఏ గదిలోకి ఏ వేళకి ఎండ వస్తుందో ఆవిడకి కంఠతా వచ్చు. కానీ ఆ గదుల్లో ఒక్కదాంట్లోనూ పట్టుమని పది నిమిషాలు కూర్చున్నది లేదు. సాయానికి పెట్టుకున్న మనుషులిద్దరూ కూడా మానేశారు. "మీరు మంచోరేనండీ. కానీ పొద్దుట్నుంచీ సాయంత్రందాకా మాటే ఉండదు ఇక్కడ," అంది రెండో ఆవిడ వెళ్తూ వెళ్తూ.

ఒకరోజు కొత్త ఇంటికి కొలతలకి వెళ్లి మూడో అంతస్తులో బెల్లు కొడితే, తలుపు తీసింది కేకు.

శిక్షణలో అందరినీ వాళ్లు పెట్టబోయే వ్యాపారం పేరుతోనే పిలిచేవారు. ఆరు వారాలూ ఈవిడ పక్కన కూర్చున్నది కేకే. "అందరికంటే ముందు షాపు తెరిచేది ఈ అమ్మాయే చూడండి," అని మాస్టారు కేకుని చూపించి అంటే క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ మాట నిజమైంది కూడా.

"ఓయ్ కర్టెన్లూ! నువ్వేనా? లోపలికి రా!"

"నీ షాపు ఎలా ఉంది?"

"ఏడాది తిరక్కుండానే మూసేశా. ఇప్పుడు ప్యాకింగ్ కంపెనీలో ఉద్యోగం. ఇవాళ సెలవు."

కేకు టేపు రెండో కొస పట్టుకుని కిటికీ పక్కన నిలబడింది. ఈవిడ అంకెలు రాసుకుంటోంది.

"షాపు పోయింది కానీ ఆ బుద్ధులు పోలేదే," అంది కేకు. "కస్టమర్లని నెలనెలా అడగమన్నారు గుర్తుందా, మాలో ఏం నచ్చలేదో చెప్పండి అని? ఇప్పుడు మా ఆయన్ని అడుగుతున్నా. పుస్తకం పట్టుకుని కూర్చుంటా."

"చెప్పాడా?"

"మొదటి నెల చెప్పాడు. ఆ తర్వాత ఒకటో తారీఖు వస్తే చాలు, ఇంటికి ఆలస్యంగా వస్తున్నాడు."

ఆవిడ పకపకా నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించి టక్కున ఆపేసింది.

"నీకేంలే, నువ్వు గెలిచావు. మా కంపెనీలో అందరికీ నీ గురించే చెప్తుంటా," అంది కేకు. "కూర్చో, టీ పెడతా."

"లేదు, నాలుగింటికి ఇంకో ఇల్లుంది."

కిందికి దిగి స్కూటరు తాళం తిప్పాక గాని ఆవిడకి గుర్తురాలేదు, నాలుగింటికి ఏ ఇల్లూ లేదని. అబద్ధం చెప్పాలనుకోలేదు, నోరు దానంతటదే అనేసింది. పైకి వెళ్దామా అని రెండు మెట్లెక్కింది. ఏమని చెప్పాలి? ఏ ముఖం పెట్టుకుని బెల్లు కొట్టాలి? మళ్లీ దిగి, స్కూటరు దగ్గర చాలాసేపు నిలబడి, గదికి వెళ్లిపోయి గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టింది.

చెప్పిన రోజుకే కర్టెన్లు పట్టుకెళ్లింది. కేకు డ్యూటీలో ఉంది. తలుపు తీసిన కేకు అత్తగారు, "అదిగో కిటికీ," అని చూపించి లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ కర్టెన్లు తగిలించి, మడతలు మళ్లీ మళ్లీ సర్దింది. సర్దడానికి ఇక ఏమీ మిగలక వచ్చేసింది.

సాయంత్రం ఫోను మోగింది.

"కర్టెన్లు ఎంత బాగున్నాయే! గది గదే మారిపోయింది," అంది కేకు.

"ఉతికేటప్పుడు వేడినీళ్లు వాడకు. కుంచించుకుపోతాయి."

"అలాగే. ఇంకేంటి చెప్పు," అంది కేకు.

ఆ మాట ఆవిడని ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో! గదంతా చూసింది. మిషను, గుడ్డల తాన్లు, ఒకే ఒక్క కుర్చీ.

"ఏం లేదు," అంది. తర్వాత, కేకు ఫోను పెట్టేస్తుందేమోనన్న భయంతో గబగబా, "ఆ రోజు నాలుగింటికి ఇల్లేం లేదే," అంది.

"తెలుసులే," అంది కేకు. "కిటికీలోంచి చూశా. స్కూటరు దగ్గరే చాలాసేపు నిలబడ్డావు."