హాల్లో కెమెరా

మా హాల్లో టీవీకి పైన గోడకి బిగించిన ఒక తెల్లటి డబ్బా ఉంది. పిడికిలంత ఉంటుంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆయన దాన్ని బిగించిన రోజు ఫోనులో వీడియో పెట్టుకుని, ఆపుతూ, మళ్ళీ చూస్తూ, గోడకి అక్కర్లేని కన్నాలన్నీ చేసి, చివరికి వంకరగా తగిలించి, "చూశావా, మనిషిని పిలవకుండా పనైపోయింది" అని ఛాతీ విరుచుకున్నారు. వంటింట్లో కుళాయి ఎన్నాళ్ళ నుంచి కారుతోందో చెప్తే మాత్రం దానికి ఆయనకి వీడియో దొరకలేదు.

కెమెరా మా అత్తయ్య కోసం. ఆవిడ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, కొన్నాళ్ళు మంచం దిగొద్దన్నారు. గాలీ వెలుతురూ ఉంటాయని మంచం హాల్లో వేశాం. ఇంకో ఊళ్ళో ఉన్న మా ఆడపడుచు వెంటనే కెమెరా కొని పంపించింది. అందులో కనిపించేది ఆమె ఫోన్లో వస్తుంది, మా మరిది ఫోన్లో వస్తుంది, మా ఆయన ఫోన్లో వస్తుంది. నా ఫోన్లో రాదు. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, నీకెందుకు" అన్నారు. మందుల షాపులో చేస్తున్న ఉద్యోగం మానుకుని నేను ఇంట్లో కూర్చున్నది ఈ మంచం కోసమేనన్న సంగతి అప్పుడెవరికీ గుర్తు రాలేదు.

ఆ రోజు నుంచి అందరికీ అన్నిటి మీదా అభిప్రాయాలు మొదలయ్యాయి. అమ్మ తల కింద దిండు ఎత్తు ఎక్కువైంది. ఫ్యాను అంత స్పీడు ఎందుకు. అమ్మ పాలు తాగుతుంటే వదిన ఫోను చూస్తోంది. ఫ్యామిలీ గ్రూపులో ఇవన్నీ వస్తుంటాయి, వాటి కింద బొటనవేళ్ళు పడుతుంటాయి. మా ఆడపడుచుకి నేను ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టుకున్నాను, మనసులోనే. మరిది ఇంకో రకం. వాడికి ప్రతి సమస్యకీ ఒక యాప్ ఉంది. మందులు గుర్తు చెయ్యడానికి ఒకటి, నీళ్ళు తాగించడానికి ఒకటి. నీళ్ళు తాగించడానికి గ్లాసు పట్టుకునే మనిషి కావాలని ఆ యాప్ చేసినవాడికి తెలియదు కాబోలు.

మధ్యాహ్నాలు నేనూ అత్తయ్యా కలిసి ఒక సీరియల్ చూస్తాం. అందులో కోడలు పాలగ్లాసులో ఏదో కలిపి, మనవైపు తిరిగి ఓరగా నవ్వుతుంది. ఇద్దరం కలిసి దాన్ని నోటికొచ్చినట్టు తిడతాం. "దీని మొహం మండ, ఇంకా చావదేంటి" అంటుంది అత్తయ్య. అప్పుడప్పుడు తల పైకెత్తి ఆ తెల్లడబ్బా వైపు చూసేదాన్ని. వీళ్ళ సీరియల్లో ఆ కోడల్ని నేనే కదా అనిపించేది. తేడా అల్లా ఒకటే, ఆ పిల్లకి జీతం వస్తుంది.

ఇదంతా పళ్ళబిగువున భరించాను. అసలు గొడవ ఒళ్ళు తుడిచే దగ్గర వచ్చింది.

రోజూ పొద్దున్న మంచం మీదే వేడినీళ్ళతో అత్తయ్యకి ఒళ్ళు తుడవాలి. పక్కకి ఒత్తిగిలించి వీపు పొడిగా తుడిచి పౌడరు వెయ్యాలి, లేకపోతే పుండ్లు పడతాయని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆ కాసేపూ నేను దిండు గలీబు తీసుకెళ్ళి కెమెరా మీద కప్పేదాన్ని. కప్పగానే అక్కడ వాళ్ళ ఫోన్లు మోగుతాయట, కెమెరాకి ఏదో అడ్డం వచ్చిందని. వెంటనే నాకు ఫోను. "వదినా, ఏమైంది, ఎందుకు మూశావు?" తడి చేతులతో తీసి చెప్పాలి. దీనికి మా ఆయన ఒక ఉపాయం చెప్పారు. మూసేముందు గ్రూపులో ఒక ముక్క పెట్టెయ్యమన్నారు.

"ఏమని పెట్టమంటారు? మీ అమ్మగారికి బట్టలు విప్పుతున్నాను, అందరూ గమనించగలరు అనా?"

"అంత పెడర్థం తియ్యకు. స్నానం అని పెట్టు చాలు."

పెట్టాను. రోజూ పెట్టాను. సిగ్గు లేకుండా ఆ మాట టైపు చేసి, గలీబు కప్పి, నీళ్ళు పట్టుకొచ్చేదాన్ని.

మా అత్తయ్య బతుకంతా ఆడవాళ్ళ బట్టలు కుట్టింది. చిన్న షాపు, లోపల కొలతలు తీసే మూల, దానికి మందపాటి తెర. ఆ తెర దగ్గరికి ఎవరొచ్చినా ఊరుకునేది కాదట. తన సొంత కొడుకు ఏదో అడగడానికి తెర పక్కకి తీస్తే కత్తెర పట్టుకుని వెంటపడిందని మా ఆయనే నవ్వుతూ చెప్తారు. అలాంటి మనిషి.

ఒకరోజు ఫోను వంటింట్లో ఛార్జింగుకి పెట్టి, గ్రూపులో పెట్టడం మర్చిపోయాను. గలీబు కప్పాను. అత్తయ్యని పక్కకి తిప్పి వీపు తుడుస్తున్నాను. వంటింట్లో ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. ఒక చేత్తో ఆవిడని పట్టుకుని ఉన్నాను, వదిలితే దొర్లుతుంది. మోగనీ అనుకున్నాను. ఇంతలో తలుపు తాళం తిరిగిన చప్పుడైంది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లోపలికి వచ్చాడు. వాడి వెనకే లిఫ్టు బాగు చెయ్యడానికి వచ్చిన మనిషి కూడా, సాయానికని.

ఇది ఇన్‌స్పెక్టరమ్మ చేసిన పని. నేను ఫోనెత్తకపోయేసరికి వాచ్‌మన్‌కి చేసి, వెంటనే తలుపు తీసి చూడమంది. అత్యవసరానికి ఉంటుందని మా ఆయన ఇంకో తాళంచెవి వాడి దగ్గర పెట్టారు, ఆ సంగతి ఆమెకి తెలుసు. వచ్చినవాళ్ళ తప్పేం లేదు, చూసి బిత్తరపోయి వెనక్కి పరిగెత్తారు. నేను నా ఒళ్ళు అడ్డం పెట్టాను గానీ అప్పటికే చూసేశారు. అత్తయ్య చేతిలో చిన్న తువ్వాలు ఉంది. అది ఒంటి మీదికి లాక్కోలేదు. మొహానికి కప్పుకుంది.

ఆ సాయంత్రం వీడియో కాల్లో అందరూ కూర్చున్నారు.

"నేను భయపడ్డాను వదినా, అది కూడా తప్పేనా? వాచ్‌మన్ అమ్మకి కొడుకులాంటి వాడు" అంది ఆడపడుచు.

"సెట్టింగుల్లో ఆ టైముకి అదే ఆగిపోయేట్టు పెట్టొచ్చు వదినా, నేను చూస్తాను" అన్నాడు మరిది.

మా ఆయన గోడ వైపు చూస్తున్నారు.

నాకు కోపం కట్టలు తెంచుకుంది. "కొడుకులాంటి వాడి ముందు నువ్వు బట్టలు లేకుండా పడుకుంటావా?" అన్నాను. "మీ అమ్మ మనిషి. చేపల తొట్టె కాదు, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూసి పోవడానికి. నేనేం తప్పు చేస్తున్నానో పట్టుకోవడానికి పెట్టారా దీన్ని? అయితే పట్టుకోండి. రేపటి నుంచి మీలో ఒకరొచ్చి ఈ నీళ్ళ గిన్నె పట్టుకోండి. నేను అక్కడ కూర్చుని ఫోన్లో చూస్తాను."

మా ఆయన నెమ్మదిగా, "అమ్మనే అడుగుదాం. తను వద్దంటే తీసేస్తాను" అన్నారు.

అత్తయ్య కళ్ళు మూసుకునే ఉంది. "ఉండనివ్వండి" అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఇంతసేపూ నేను ఎవరి తరఫున అరిచాను?

మర్నాడు నీళ్ళు పెట్టుకుని వెళ్తే ఆవిడ ఒళ్ళు తుడవనివ్వలేదు. దుప్పటి రెండు చేతులా పట్టుకుంది. ఆ మర్నాడూ అంతే. గలీబు కప్పినా, తలుపుకి లోపల గడియ పెట్టినా ఒప్పుకోలేదు. బలవంతాన చూస్తే నడుము దగ్గర చర్మం ఎర్రగా కమిలి ఉంది. పుండు పడితే మంచం మీదే ఇంకెన్నాళ్ళో. నాకు భయంతో పాటు కోపమూ పెరిగింది, ఈసారి ఆవిడ మీదే.

"అది వద్దని ఒక్క మాట అంటే పోయేది కదా అత్తయ్యా. ఎందుకు ఉండనివ్వమన్నారు? నా మీద మీకూ అనుమానమా?"

ఆవిడ గోడ మీది కెమెరా వైపు చూసింది. "నీ మీద నాకేం అనుమానమే. అది రాకముందు అమ్మాయి రోజూ సాయంత్రం ఫోను చేసేది. ఏం తిన్నావే, నిద్ర పట్టిందా అని అడిగేది. అది వచ్చాక చెయ్యట్లేదు. చూస్తోంది కదా, ఇంక అడగడానికి ఏముంటుంది. ఇప్పుడు అదీ తీసేస్తే ఇంక నాకేం మిగుల్తుంది?"

రోజూ సాయంత్రం తల దువ్వమని, మంచి చీర భుజం మీద కప్పమని ఆవిడ ఎందుకు పోరుతుందో అప్పుడు అర్థమైంది. నేనేమో ముసలితనపు చాదస్తం అనుకుని విసుక్కునేదాన్ని.

లేచి వెళ్ళి కెమెరా ప్లగ్గు పీకేశాను. అత్తయ్య "అయ్యో" అంది. నేను వినిపించుకోకుండా ఫోను తీసి, స్పీకరు పెట్టి, ఆడపడుచుకి చేశాను. ఆమె రావాలని, కనీసం ఒక్క మాట అడగాలని నా మనసులో ఉంది.

"కెమెరా పోయింది. ఇంక పని చెయ్యదు" అన్నాను. "మీ అమ్మ ఇక్కడే ఉంది. రెండు రోజుల్నుంచి ఒళ్ళు తుడవనివ్వట్లేదు."

"అయ్యో, పోయిందా. పర్లేదులే వదినా, ఇప్పుడే ఇంకోటి ఆర్డరు పెడతాను. రేపటికల్లా వచ్చేస్తుంది. ఇది ఇంకా మంచిది, చీకట్లో కూడా కనిపిస్తుంది. మీటింగులో ఉన్నాను, ఉంటా."

ఫోను పెట్టేసింది. అత్తయ్య ఇంకా నా చేతిలోని ఫోను వైపే చూస్తోంది, అందులోంచి ఇంకేదో మాట వస్తుందేమో అన్నట్టు. నాకు దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. తిడదామని నోరు తెరిచాను కూడా.

"ఆగు" అంది అత్తయ్య. దుప్పటి పట్టుకున్న చేతులు వదిలింది. "రేపు ఆ కొత్త డబ్బా వస్తే తలుపు దగ్గరే తిప్పి పంపెయ్యి. నీళ్ళు వేడి పెట్టు."