ఆ రాత్రి అన్నం ఎవరు వండారు

"ముప్పై మందికి వండటం అంత పెద్ద పనా వదినా? ఇదేమన్నా పెళ్ళి భోజనాలా?" అన్నాడు నాగశివ.

"పెళ్ళి భోజనాలైతే వంటవాళ్ళని పిలుస్తారు కదా," అంది దుర్గాదేవి చింతపండు పిసుకుతూ.

మాట అప్పటికే ముదిరింది. ఆదివారం సూర్యలంక ఒడ్డున నాగశివ స్నేహితులంతా కలుసుకుంటారు. తెనాలి నుంచి, బాపట్ల నుంచి, గుంటూరు నుంచి కూడా వస్తారు. అందరికీ రేపల్లె నుంచి చేపల పులుసూ అన్నమూ పట్టుకొస్తానని అతను మాట ఇచ్చేశాడు. మాట ఇచ్చింది మరిది, చీకటితో లేచి పండుగప్ప చేపలు తోమాల్సింది వదిన.

"వాడేమన్నా పరాయోడా? ఒక్కరోజు చేస్తే అరిగిపోతావా?" అన్నాడు భర్త శివనాగరాజు, హాల్లోంచే.

"నా కాలంలో పడవ ఒడ్డుకొచ్చిందంటే పదిమందికి వండి వార్చేదాన్ని. నన్ను అడగాల్సిన పనే ఉండేది కాదు," అంది అత్తగారు మాణిక్యం.

"ఆదివారం నాకు కుదరదు అత్తయ్యా. నాకు పనుంది."

శివనాగరాజు నవ్వేశాడు. వెక్కిరింతగా కాదు. నిజంగానే అతనికి నవ్వొచ్చింది. "నీకేం పని ఉంటదే?"

 ఆ నవ్వు దుర్గాదేవికి పులుసు మరుగుతున్నంతసేపూ చెవిలో ఉండిపోయింది. నీకేం పని. పొద్దున్నే నలుగురికి నాలుగు రకాల టిఫిన్లు, మామగారికి షుగరు మాత్రలు, అత్తగారి మోకాళ్ళకి నూనె, నాగశివకి తెనాలి రైలు టైముకి క్యారేజీ. మధ్యాహ్నం భర్త ఐసు గోదాము బిల్లులన్నీ ఇంట్లోని కంప్యూటర్‌లో కొట్టడం. గోదాములో ఇంకెవరన్నా ఆ పని చేస్తే గుమాస్తా అంటారు. ఆమె చేస్తే "మా దుర్గ ఖాళీగా కూర్చోకుండా చూసుకుంటది" అంటారు. ఆ బిల్లులు నిజానికి గంట పని. నాలుగింటిదాకా పడుతుందని ఇంట్లో అందరూ అనుకుంటారు. ఆమె ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు. గోదాము పని మూసేసి, కూతురు జయలక్ష్మి హాస్టల్‌కి వెళ్తూ ఆ కంప్యూటర్‌లో వదిలిపెట్టిన ఆటలు తెరిచేది. మొదట ఊరికే నొక్కి చూసింది. తర్వాత అవి లేకుండా మధ్యాహ్నం గడవలేదు. ఆ తర్వాతే 'ఏడు రేవులు' గురించి తెలిసింది.

విశాఖలో ఆరుగురు కుర్రవాళ్ళు జనం దగ్గర చందాలు పోగేసి తయారుచేస్తున్న కంప్యూటర్ ఆట అది. ఆడేవాళ్ళు ఒక మనిషి వేషం వేసుకుని, ఇంకో నలుగురిని తోడు తీసుకుని, పడవలో రేవు నుంచి రేవుకి వెళ్ళాలి. ఎవరితో ఏం మాట్లాడితే, ఎవరి పక్కన నిలబడితే కథ అటు తిరుగుతుంది. నోరు తెరిస్తే కథ తిరగడం! అమ్మ చేతిలో పెట్టిన డబ్బులు తీసి దుర్గాదేవి కూడా చందా వేసింది. చందా వేసినవాళ్ళకి ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది, అందులో నంబర్లు కనపడవు, పెట్టుకున్న పేర్లే. ఉగాదికి వస్తుందన్నారు, దసరాకి అన్నారు, మళ్ళీ ఉగాది అన్నారు. ఆట రాలేదు కానీ దాని మీద పోట్లాటలు మాత్రం రోజూ వచ్చేవి. తెరచాప రంగు మీద ఒక పోట్లాట. తుపానులో పడవ మునిగితే ఆట మళ్ళీ మొదట్నుంచి ఆడాలా వద్దా అని పది రోజులు. ఒక్క బొమ్మ బయటికొస్తే చాలు, అందులో వెనకాల కనపడే గుడిసెలో ఎవరుంటారో అని వందమంది ఊహలు. గ్రూపులో ఆమె పేరు కెరటం, ఇంట్లో వినపడకుండా గ్రూపు మోత ఆపే ఉంచింది. ఆ పేరు వెనక ఆడది ఉంటుందని ఎవరికీ తట్టలేదు. 'కెరటం అన్న' అయిపోయింది. అదే గ్రూపులో 'రేపల్లె టైగర్' అని ఒకడున్నాడు. ఆ టైగరెవరో ఆమెకి మొదటి వారమే తెలిసింది. తను కట్టిన క్యారేజీనే ఫొటో తీసి పెట్టాడు మరి.

మొన్నామధ్య ఆటలోంచి చిన్న వీడియో వదిలారు. రాత్రి, ఒడ్డున మంట, చుట్టూ ఐదుగురు. అన్నం తినగానే వాళ్ళకి పోయిన బలం తిరిగొస్తుంది. తింటూ ఒకరికొకరు తమ సంగతులు చెప్పుకుంటారు. ఆట అసలు కథంతా ఆ కబుర్లలోనే ఉంది. గ్రూపంతా ఊగిపోయింది. దుర్గాదేవి ఆ వీడియో చాలాసార్లు చూసింది. తర్వాత ఒకే ఒక్క ముక్క రాసింది. "ఐదుగురూ మంట చుట్టూనే ఉన్నారు. మరి ఆ రాత్రి అన్నం ఎవరు వండారు?"

ముందు నవ్వారు. తర్వాత ఆమె వివరంగా రాసింది. ఐదుగురిలో ఒకరు వండాలి. వండేవాళ్ళకి ఆ రాత్రి కబుర్లు వినపడవు. వాళ్ళ వంతు కథ వాళ్ళు పోగొట్టుకుంటారు. రోజూ ఒక్కరికే వంట అంటగడితే ఆ మనిషి కథ ముందుకు సాగదు. ఏదో ఒక రేవులో చెప్పకుండా దిగి వెళ్ళిపోతుంది. అలా ఉంటేనే అది ఐదుగురి ప్రయాణం అవుతుంది.

దాంతో గ్రూపు రెండుగా చీలింది. "ఆడుకోడానికొస్తే ఇక్కడా గిన్నెలేనా" అన్నవాళ్ళు సగం మంది. వాళ్ళకి నాయకుడు రేపల్లె టైగరే. "కెరటం అన్నా, వంట చెయ్యడానికి ఇంట్లో మా వదిన ఉందన్నా. ఆటలో ఎందుకన్నా ఈ గోల?" అని రాశాడు. దాని కింద నవ్వే బొమ్మలు వరసకట్టాయి. దుర్గాదేవి ఆ మాట వంటింటి గట్టు దగ్గర నిలబడి చదివింది, తడి చెయ్యి చీరకి తుడుచుకుంటూ. కోపం వచ్చింది. కోపం వెనకే ఒక తమాషా ధైర్యం వచ్చింది. "మీరు అన్నం తింటూ చెప్పుకునే కబుర్లు మీ వదిన ఎప్పుడైనా కూర్చుని విన్నారా తమ్ముడూ?" అని రాసింది.

 దానికి వేరేవాళ్ళు జవాబులిచ్చారు. మా అమ్మ వినలేదు అని ఒకడు. మా అక్క వినలేదు అని ఇంకొకడు. ఆట తయారుచేసేవాళ్ళు ఆ సంగతి ఓటుకి పెట్టారు. కెరటం మాట గెలిస్తే ఆట అలాగే మారుస్తామన్నారు. ఆదివారం గ్రూపువాళ్ళు కలిసే సూర్యలంకకి తయారైనంతవరకూ ఆట తెస్తున్నామనీ, కెరటం గెలిస్తే అందరి ముందూ మొదట కూర్చుని ఆడేది తనేననీ అన్నారు. ఓట్ల ఫలితం ఈ రాత్రికే.

ఇప్పుడేమో ఆ ఒడ్డుకే తన చేతి పులుసు అడుగుతున్నారు. తన మాట గెలిచినా అక్కడ తన పులుసు ఉంటుంది, తను ఉండదు. వండి పంపేసి, ఒంట్లో బాలేదని కెరటం పేరుతో ఒక ముక్క రాసేస్తే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. ఇంట్లో గొడవా ఉండదు. చింతపండు పిప్పి పారేస్తూ ఆమె అదే ఆలోచించింది. ఆ ఆలోచన ఎంత సులువుగా వచ్చిందో చూసి తన మీద తనకే ఒళ్ళు మండింది.

భోజనాలకి మగవాళ్ళు ముగ్గురూ కూర్చున్నారు. అత్తగారు మోకాళ్ళ నొప్పి వల్ల కుర్చీలో కూర్చుంది. దుర్గాదేవి వడ్డిస్తోంది. నాగశివ ఫోన్ మోగింది. చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"పోయింది! ఆ కెరటంగాడే గెలిచాడు."

"ఎవడ్రా వాడు?" అన్నాడు శివనాగరాజు.

"ఎవడో అన్నయ్యా, ఆటలో వంట పెట్టించాడు. వంతులేసుకుని వండాలంట. వండినోళ్ళకి కబుర్లుండవంట. చిన్న తేడా కాదు, జనం వాడికే ఎగబడి వేశారు." ముద్ద కలుపుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. "అయినా మగాడే. సరిగ్గానే వాదించాడు. ఒకమాట పలకరిస్తా." ఎడమ చేత్తో కెరటానికి విడిగా రాస్తూ పైకే చదివాడు. "కెరటం అన్నా, గెలిచావు. ఆదివారం రా, మా వదిన పులుసు తినిపిస్తా."

వంటింటి అలమరలో ఫోన్ టింగుమంది.

నాగశివ పట్టించుకోలేదు. "వస్తున్నావా అన్నా?" అని ఇంకోటి పంపాడు. అలమరలో మళ్ళీ టింగుమంది. ఈసారి తల తిప్పి చూశాడు. అనుమానంగా ఇంకోటి పంపాడు. ఇంకోసారి మోగింది.

"వదినా..."

"వస్తున్నాను తమ్ముడూ," అంది దుర్గాదేవి గరిట గిన్నెలో పెట్టి. "కెరటం నేనే."

నాగశివ ముద్ద కంచంలోనే ఉండిపోయింది. తను రాసినవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు మొహం ఎర్రబడింది. "నిన్ను ఇన్నాళ్ళూ అన్నా అన్నానా..." అని మాత్రం అనగలిగాడు.

"మధ్యాహ్నాలు బిల్లులు కొడుతున్నావనుకున్నా!" అన్నాడు శివనాగరాజు.

"బిల్లులూ కొట్టాను. ఎక్కడన్నా తప్పు పోయిందా?"

అతను మాట మార్చాడు. "అయినా ఈ వంతులేంటి? వింటే నవ్వుతారు."

"నవ్వేదేముందిరా అందులో?" అన్నాడు మామగారు, చేప ముల్లు తీస్తూ. ఏ పక్షమూ లేకుండా, తెలిసిన సంగతి చెప్తున్నట్టే అన్నాడు. "పడవ మీద వంటోడికి వాటా ఉంటదిగా. నిజాంపట్నం పడవలో నేనే వండేవోణ్ణి. వల లాగినోడికెంతో నాకూ అంతే."

మాణిక్యం కుర్చీలోంచి ముందుకి వంగింది. "ఏంటీ? నువ్వు వండేవోడివా?"

"రెండేళ్ళు వండా. పులుసు బాగుండేదనేవోళ్ళు."

"నాతో ఎప్పుడన్నా చెప్పావా?"

"నువ్వడగలేదుగా."

"గ్లాసు మంచినీళ్ళు ముంచుకోవడం రానట్టు కూర్చుంటావు కదయ్యా! సముద్రంలో వండితే వాటానా? మరి ఇన్నేళ్ళు ఈ ఇంట్లో వండాను, నా వాటా ఏది? తియ్యి!"

మామగారు ముల్లు మీదే చూపు పెట్టుకున్నాడు. నాగశివకి నవ్వు ఆగలేదు. కాసేపటికి శివనాగరాజు కూడా మీసంలో నవ్వుకున్నాడు. నవ్వని మనిషి మాణిక్యం ఒక్కతే. ఆమె మొగుడి వంక అలాగే చూస్తూ, "నువ్వెళ్ళవే దుర్గా," అంది. "ఏం ఆటో ఏంటో, వెళ్ళు."

వెళ్ళమని ఎవరో అనాలని దుర్గాదేవి ఎదురుచూడలేదు. అయినా ఆ మాట ఈమె నోట విన్నాక గుండెలో ఏదో కట్టు తెగినట్టయింది. ఒక కంచం కడుక్కుని తెచ్చుకుంది. మరిదికీ భర్తకీ మధ్య ఖాళీ ఉంది, అక్కడ కూర్చుంది. అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. ఈ ఇంటికొచ్చాక ఇంత వేడన్నం ఎప్పుడు తిన్నదో ఆమెకి గుర్తు రాలేదు. అందరూ చూస్తున్నారు. పులుసు పోసుకుని, తాపీగా కలిపి, మొదటి ముద్ద తిన్నాకే మాట్లాడింది.

"ఆదివారం పొద్దున బాపట్ల బస్సుకి నేను సూర్యలంక వెళ్తున్నాను, ఆడటానికి. ముప్పై మందికి పులుసు కావాలో వద్దో, కావాలంటే ఎవరు వండాలో, మీ నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి."