వెనక్కి చూస్తూ విశాఖ వెళ్ళిన చక్రం

నేను ఒక జీపు వెనక తగిలించిన స్టెప్నీని. పేకాటకి ఒక చెయ్యి తక్కువైనప్పుడు మాత్రమే గుర్తొచ్చే చుట్టం లాంటివాణ్ణి. తక్కిన నాలుగు చక్రాలకీ రాబోయే ఊరు కనిపిస్తుంది. నాకు మాత్రం ఎప్పుడూ దాటొచ్చిన ఊరే. ముందు ఏం జరుగుతోందో చెవులతో తెలుసుకోవలసిందే. ఇప్పుడంటారా, ఒక పంక్చర్ల షాపు ముందు నన్ను నడుం దాకా నేలలో పాతి తెల్ల సున్నం పూశారు. వచ్చేపోయే కుక్కలు పలకరించి వెళ్తుంటాయి. తీరిక బోలెడంత. వినే ఓపిక మీకుంటే చెప్పడానికి నాకేం?

ఏ మలయాళపు కొండ మీది రబ్బరుచెట్టు పాలో నా రక్తం. ఫ్యాక్టరీలో అచ్చులో పెట్టి దిబ్బరొట్టె కాల్చినట్టు కాల్చారు. మా జీపును మొదట కొన్నది ఉప్పాడలో ఒక రొయ్యల వ్యాపారి. ఆయన దగ్గరున్నన్నాళ్ళూ ఉప్పాడ పిల్లులన్నీ నా వెనక ఊరేగాయి. ఒక తుఫానులో గాలి మా జీపును ఎత్తి ఐసు ఫ్యాక్టరీ డాబా మీద కూర్చోబెట్టింది. వెల్లకిలా పడబోతే నేను అడ్డుండి కాపాడాను. నమ్మకపోతే మానేయండి. సాక్ష్యానికి ఆ డాబాని పిలుద్దామంటే అది ఇప్పుడు సముద్రంలో ఉంది.

తుఫాను దెబ్బకి వ్యాపారి చితికిపోయి జీపు అమ్మేస్తే, షామియానాలు అద్దెకిచ్చే తాతబ్బాయి కొన్నాడు. అక్కడి నుంచి నా బతుకు మారింది. తాతబ్బాయికి ఇద్దరు ప్రాణస్నేహితులు. ఒకడు వీరేశం, పెళ్ళిళ్ళకి వంట చేసేవాడు. చేత్తో పట్టినంత కారం వేస్తే గాని వాడికి గరిటె తిరగదు. రెండోవాడు కనకలింగం. పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. వాడు రాగం ఎత్తుకుంటే రెండూళ్ళవతల దూడలు కట్లు తెంచుకునేవని అనేవారు. తెంచుకుని ఇటు పరిగెత్తేవా, అటు పరిగెత్తేవా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

పద్యనాటకం చూసినవాళ్ళకి తెలిసిందే. పద్యం చివర రాగం తీసి నటుడు ఆగగానే జనంలోంచి ఎవడో ఒకడు ‘వన్స్ మోర్’ అని కేక పెడతాడు. పెట్టాక నటుడు కాదనకూడదు. చచ్చిపోయిన పాత్రయినా లేచి, పాడి, మళ్ళీ చావాలి. కనకలింగం ఎక్కడ వేషం కట్టినా ముందు చాప మీద కూర్చుని ఆ మొదటి కేక వేసేది తాతబ్బాయే. వాడు అరిచాకే జనం అరిచేవారు.

అలాంటి గొంతు ఒక ఏడాది బొంగురుపోయింది. కఫం అన్నారు, మిరియాలన్నారు, అతిమధురం నమలమన్నారు. ఆఖరికి మెతుకు దిగడం కష్టమైతే కాకినాడలో చూపించారు. డాక్టరు గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపి, తర్వాత తాతబ్బాయిని పక్కకి పిలిచాడు. అది మామూలు పుండు కాదు, స్వరపేటిక తీసెయ్యాలి. తీస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదు. తియ్యకపోతే రెండూ దక్కవు. విశాఖపట్నంలో పెద్ద డాక్టరుతో మాట్లాడి రోజు కూడా ఖాయం చేశాడు.

ఈ మాట కనకలింగానికి చెప్పాలి. ఎవరు చెబుతారు? తాతబ్బాయి వీరేశాన్ని చెప్పమన్నాడు, వీరేశం తాతబ్బాయిని చెప్పమన్నాడు. చివరికి ఇద్దరూ కలిసి అబద్ధం చెప్పారు. ‘సింహాచలం వెళ్ళొద్దాం రా. సముద్రం పక్కనుంచే, నింపాదిగా, మనం ముగ్గురమే’ అన్నారు. కనకలింగం ఏమీ అడక్కుండా తువ్వాలు భుజాన వేసుకుని ఎక్కి కూర్చున్నాడు. మనుషులు అబద్ధాన్ని మోసినంత భద్రంగా మంచినీళ్ళ బిందెను కూడా మొయ్యరు.

పొద్దున్నే బయల్దేరాం. మరుసటి రోజు ఉదయానికి ఆసుపత్రి దగ్గరుండాలి. అయినా తాతబ్బాయి కాలు ఆక్సిలేటరు మీద ఆనితే ఒట్టు. చేరడం వాడికిష్టం లేదు. ఎంత నెమ్మదంటే, గుడ్లు పెట్టి తిరిగొచ్చే తాబేలొకటి మమ్మల్ని దాటిపోయింది. నేను వెనక్కే చూస్తాను కాబట్టి అది దాటాక ఎటెళ్ళిందో చెప్పలేను.

“ఏరా తాతబ్బాయ్, జీపు తోలుతున్నావా, పెళ్ళికూతుర్ని పీటల మీదకి నడిపిస్తున్నావా?” అన్నాడు కనకలింగం జీరగొంతుతో.

“సముద్రం చూడ్డానికొచ్చావు, చూడు. అదేమన్నా పారిపోతుందా?”

“ఉప్పాడలో సగం ఊరు మింగింది. పారిపోవడం దాని ఇంటావంటా లేదు” అని వీరేశం అందుకున్నాడు. ముగ్గురూ నవ్వారు. నవ్వు ముందుగా ఆగిపోయింది మాత్రం తాతబ్బాయిది.

జీడిమామిడి తోట కనిపిస్తే ఆగడం, తాటిముంజెలు కనిపిస్తే ఆగడం. పెంటకోట దగ్గర ఒడ్డునే వంజరం చేప కొని, సరుగుడు చెట్ల కింద వీరేశం పొయ్యి ముట్టించాడు. అన్నం మెత్తగా పొంగించి, పులుసు కాచి వడ్డించాడు. కనకలింగం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు సముద్రం వైపు చూశాడు.

“ఏం, బాలేదా?” అన్నాడు వీరేశం.

“బాగుంది. బాలింతలకి మా అమ్మ ఇలాగే వండేది.”

మెతుకు మెతుకుగా మింగి చెయ్యి కడుక్కున్నాడు.

రేవుపోలవరం దాటి ఇసకబాట పట్టాక ఏదో పాత పడవ మేకు దిగి ముందు చక్రం కూలబడింది. వెలుగు ఇంకా బాగానే ఉంది. ఒడ్డున బెస్తవాళ్ళు రెండు బారులుగా నిలబడి పెద్దవల లాగుతున్నారు. తాతబ్బాయి నన్ను బోల్టులు విప్పి దించి, ఒక తాడిచెట్టు పక్కన పడుకోబెట్టాడు. వాళ్ళిద్దరూ జాకీతో కుస్తీ పడుతుంటే కనకలింగం వచ్చి నా మీద కూర్చున్నాడు. తువ్వాల్లోకి దగ్గాడు. అందులో పడిన ఎరుపు చూసి, మడిచి మొలలో దోపుకున్నాడు. తర్వాత పెదవులు కదపకుండా ఏదో రాగం తీశాడు. అది వాడి వెన్నుపూసలోంచి దిగి నా రబ్బరులోకి వచ్చింది. నా లోపలున్నది వట్టి గాలి అని అంతవరకూ అనుకునేవాణ్ణి. అదీ వణికింది.

తాతబ్బాయి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. “లేవరా, చక్రం కావాలి.”

“లేవను.”

“ఎహె, సరసాలాడకు. పొద్దుపోతోంది.”

“పోనీ. కొండ మీద అప్పన్న ఎక్కడికీ పోడు. తెల్లారేసరికి చేరాల్సింది ఆసుపత్రికైతే కదా, ఈ కంగారు!”

వీరేశం చేతిలో జాకీ రాడ్డు ఇసకలో పడింది. “నీకెవడు చెప్పేడ్రా?” అన్నాడు తాతబ్బాయి.

“ఇదిగో, ఈ వంటోడు. నా పెళ్ళిలో వీడొండిన గుత్తొంకాయ తిని మా మావగారు నాలిక బయటేసుకుని తిరిగేడు. అలాంటోడు ఇవాళ పులుసులో చిటికెడు కారం వెయ్యలేదంటే ఏంటర్థం? నా పనయిపోయిందని కాదూ?”

“మంట పుడతాదేమోనని...” అంటూ వీరేశం కూలబడి పైపంచెతో మొహం కప్పుకున్నాడు.

“డాక్టరు మొహం చూసినప్పుడే సగం తెలిసింది. మిగతా సగం పులుసు చెప్పింది. గొంతు తీసేస్తారు, అంతేగా? తీసేశాక మిగిలేవాడెవడ్రా? వాణ్ణి నేనెరగను. నన్ను రోడ్డెక్కించండి, బస్సు పట్టుకుని ఊరెళ్ళిపోతాను. పోయేదేదో ఈ గొంతుతోనే పోతాను.”

“పో. పోయి చావు” అని తాతబ్బాయి విరుచుకుపడ్డాడు. “పాడె మీద పడుకున్నాక నేనొచ్చి వన్స్ మోర్ అంటాను. లేస్తావా?”

కనకలింగం నవ్వాడు. నవ్వు దగ్గై, దగ్గు తగ్గేదాకా నా అంచు పట్టుకుని కూర్చున్నాడు.

“సరే, ఒక బేరం. ఇప్పుడే, ఇక్కడే పాడతాను. బాగుంటే కేక వెయ్యి, జీపు ఇంటికి తిప్పు. వెయ్యలేదా, నీ ఇష్టమొచ్చిన చోటికి తీసుకుపో. ఇన్నేళ్ళు నా పాటకి తీర్పు చెప్పినోడివి. ఈ తీర్పూ నువ్వే చెప్పు.”

లేచి మొలలోని తువ్వాలు తీసి, దులిపి భుజాన ఉత్తరీయంలా వేసుకున్నాడు. సముద్రానికి ఎదురుగా నిలబడి ఎత్తుకున్నాడు.

గొప్పలు చెప్పడం నాకు అలవాటే. తుఫాను సంగతిలో ఓ పిసరు కలిపానేమో గాని, ఇందులో కలపలేదు. ఆ గొంతు మొదట గరగరలాడింది, తర్వాత చీలింది. చీలినచోటే ఏదో కొత్తది పుట్టింది. రాజు వేషాల్లో ఏనాడూ వినని దిగులొకటి ఆ పద్యంలోకి వచ్చింది. బెస్తవాళ్ళు తాడు పట్టుకునే నిలబడిపోయారు. ఆఖరి చరణంలో రాగం పైకి, ఇంకా పైకి వెళ్ళింది. అక్కడ తెగిపోతుందనుకున్నాను. తెగలేదు. మెల్లగా దిగొచ్చి ఆగింది.

“ఒన్సుమోరు!” అని వల దగ్గర్నుంచి కేకలు లేచాయి. “ఇంకోపాలి పాడండి బావూ!”

కనకలింగం అటు చూడలేదు. తాతబ్బాయినే చూస్తున్నాడు. తాతబ్బాయి పైపంచె నోట్లో కుక్కుకుని పళ్ళతో బిగబట్టాడు. మెడనరాలు తాళ్ళలా లేచాయి. కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి. కేక మాత్రం రాలేదు.

“బాలేదేంట్రా?” అన్నాడు కనకలింగం.

తాతబ్బాయి పంచె తీశాడు. “బాలేదు.”

“ఎక్కడ? రాగంలోనా?”

“ఎక్కడా బాలేదు.”

“దొంగ వెధవా” అన్నాడు కనకలింగం మెత్తగా. వల దగ్గరి జనానికి చేతులెత్తి దండం పెట్టాడు. వన్స్ మోర్ అంటే వాడు పాడకపోవడం అదే మొదలు. తర్వాత వంగి నన్ను తనే జీపు దాకా దొర్లించుకెళ్ళాడు.

అలా నేను ముందు చక్రాన్నయ్యాను. ఆకాశం, ఇసక, ఆకాశం, రోడ్డు, కళ్ళు తిరిగిపోయాయి. రాబోయే ఊరంటూ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చూశాను. అది విశాఖపట్నం. చూడకపోతేనే బాగుండునని చూస్తున్నంతసేపూ అనిపించింది.

ఉదయం ఆసుపత్రి గేటు ముందు ముగ్గురూ దిగారు. కనకలింగం నోట ఆ రోజు తర్వాత మాట రాదు. ఆఖరి మాట ఏం చెబుతాడోనని వీళ్ళిద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇంట్లోవాళ్ళని చూసుకోమంటాడా? దేవుణ్ణి తలుస్తాడా? నాటకాలవాడు, ఏ గొప్ప మాటో ఎంచుకునే ఉంటాడనుకున్నాం.

కనకలింగం జీపు చుట్టూ తిరిగొచ్చి, చెప్పుకాలితో నన్నొక తన్ను తన్నాడు.

“దీంట్లో గాలి తక్కువుంది. తిరిగెళ్ళేటప్పుడు చూసుకోండి” అన్నాడు. చక్కా లోపలికి వెళ్ళిపోయాడు.

తాతబ్బాయి నేరుగా గాలి కొట్టే కొట్టుకి తోలాడు. కొట్టువాడు గేజీ పెట్టి చూసి, “సరిగ్గానే ఉందండి బాబూ” అన్నాడు.

“తక్కువుందని వాడు చెప్పేడు. కొట్టు.”

“ఇంకా కొడితే పగుల్తాదండీ!”

“కొట్టమన్నానా!”

వీరేశం నా వాల్వు మూత దోసిట్లో పట్టుకుని, తీర్థం పుచ్చుకునేవాడిలా కూర్చున్నాడు. నేను డప్పులా బిగిసిపోయాను.

కనకలింగం బతికాడు. మెడ చుట్టూ తువ్వాలుతో, సైగలతో, చాలా ఏళ్ళు బతికాడు. గొంతుతో తిట్టినదానికంటే చేతులతో ఎక్కువ తిట్టాడు. వీరేశం మళ్ళీ పిడికెడు కారం వెయ్యడం మొదలెట్టాడు. ముగ్గురూ ఏడాదికోసారి సముద్రం పక్కన తిరగడం మానలేదు. బయల్దేరే ముందు కనకలింగం నా దగ్గరికొచ్చి ఒక తన్ను తన్ని, తక్కువుందని చెయ్యి ఊపేవాడు. తాతబ్బాయి మారుమాటాడకుండా గాలి కొట్టించేవాడు. నిండినదాంట్లో ఇంకా నింపించుకోవడం మనుషుల దగ్గరే చూశాను.

ఒక ఏడాది ఇద్దరే వచ్చారు. వీరేశం పొయ్యి ఎక్కించాడు, గిన్నెలు ఎక్కించాడు. నన్నెవరూ తన్నలేదు. తాతబ్బాయి జీపు తీసి, సముద్రం దారి వదిలేసి గాలి కొట్టు ముందు ఆపాడు.

కొట్టువాడు పైపు పట్టుకుని వచ్చి, “ఏ చక్రమండీ?” అన్నాడు.

తాతబ్బాయి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. వీరేశమే దిగి నన్ను చూపించాడు.

“దీంట్లో తక్కువుందంట. చూడండి.”