బూడిదరేవులో బ్రేకు

గ్యాస్ సిలిండర్ వచ్చిన రోజున అమ్మ దాన్ని వీధి గుమ్మం నుంచి మధ్యగది గడప దాకా దొర్లించేది. గడప దాటగానే ఒంటిచేత్తో ఎత్తి చంకన పెట్టుకుని, రెండో చేత్తో జుట్టు సర్దుకుంటూ గది దాటేది. వంటింటి గడప దగ్గర దించి మళ్ళీ దొర్లించేది. బయట ముప్పై కిలోలున్నది ఆ గదిలో అయిదు కిలోలే. పైవాటా ఆవిడ తన కవలపిల్లలకి ముద్దలు పెట్టడానికి రోజూ అక్కడికే వచ్చేది. ఇద్దర్నీ చెరో చంకన వేసుకున్నా చేతులు లాగేవి కావు. "మీ మధ్యగది ఖాళీయేనా?" అని మెట్ల మీంచే కేకేసి, జవాబు వచ్చేలోపే లోపలికి వచ్చేసేది.

ఆ గది అలా అయింది చిన్నమ్మాయి వల్ల. ఆమెని ఇంటా బయటా అందరూ 'శాతం' అనే పిలిచేవారు. పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా ఫోటోకాపీ షాపులో పని. మిషన్లో కాగితం ఇరుక్కుంటే "ఇది నూటికి మూడుసార్లు జరిగేదే" అనేది. బస్సు రాకపోతే, పది నిమిషాల్లో వచ్చే అవకాశం ఎంతో పక్కవాళ్ళకి అడక్కుండానే చెప్పేది. ఒంటిగంట దాటితే ఆమె లోకం వేరు. దాని పేరు బూడిదరేవు.

బూడిదరేవు ఒక ఉపగ్రహం. అక్కడ గాలి లేదు. తొమ్మిది గాజు గుమ్మటాల కింద తొమ్మిది ఊళ్ళున్నాయి. మూడువందల ఏళ్ళ కిందట మంచు తవ్వడానికి వచ్చినవాళ్ళ వారసులు వాటిలో ఉంటారు. వెనక్కి తీసుకెళ్తానన్న ఓడ మళ్ళీ రాలేదు. అక్కడ పగలు పద్నాలుగు రోజులు, రాత్రి పద్నాలుగు రోజులు. చీకటి గీత నేల మీద పాకుతూ వస్తుంటే, మోతగాళ్ళు బండ్ల మీద మంచుదిమ్మలు వేసుకుని గుమ్మటాలకి పరుగెత్తాలి. చీకటి తాకిన గుమ్మటం తలుపు మళ్ళీ తెల్లారేదాకా తెరుచుకోదు. ఆమె తయారుచేస్తున్న ఆటలో, ఆ తలుపు పడేలోపు ఎక్కువ దిమ్మలు చేర్చినవాళ్ళదే గెలుపు. మోతగాళ్ళు ఎదురుపడితే ఎలా పలకరించుకుంటారో, అలిగిన మొగుడూ పెళ్ళాలు ఒకే గాలితొట్టిని ఎలా పంచుకుంటారో కూడా నలభైఒక్క పేజీల నోటుపుస్తకంలో రాసిపెట్టింది. పటం గీయడానికి సరిపడా అట్ట దొరక్క, వడ్రంగి ఆ గదిలోనే కూర్చుని చేసిన పెద్ద తిండిబల్ల మీదే రంగులతో వేసేసింది. ఇంకా మార్చాల్సిన అంకెల కోసం బల్ల మూలన ఒక నల్లటి గడి ఉంచుకుంది. అక్కడ సుద్దముక్కతో 'బరువు: ఆరో వంతు' అని రాసిన పూటే గదిలో బరువు ఆరో వంతయిపోయింది. గ్లాసులో నీళ్ళు పోస్తుంటే మరీ ఎత్తుకి చిమ్ముతున్నాయని అమ్మ రెండు రోజులు విసుక్కుని, మూడో రోజుకి అలవాటు పడింది.

దానివల్ల అందరికంటే ఎక్కువ బాగుపడింది అక్క.

అక్క లిఫ్టు మెకానిక్. రెండేళ్ళ కిందట ఒక పాత భవనంలో, లిఫ్టు తిరిగే గొయ్యిలో నిచ్చెన విరిగి రెండంతస్తులు కిందపడింది. తుంటి అతుక్కుంది గానీ ఎడమకాలు ఒంటి బరువు మోయనని మొరాయించింది. వీధిలోనూ వంటింట్లోనూ రెండు చంకకర్రలు కావాలి. మధ్యగదిలోకి వస్తే కర్రలు గోడకి ఆనించి మామూలుగా నడిచేది. వ్యాయామం చేయించే డాక్టరమ్మ చూసి, "బాగుంది, రోజుకి వంద చుట్లు ఇక్కడే తిరగండి," అని చీటీ రాసిచ్చింది. అదే పటాన్ని చిన్న అట్టల మీద గీసి, అతికించి, వంటింట్లో పెట్టి చూశారు. ఏమీ కాలేదు. బల్లని బయటికి తేవాలంటే గుమ్మం పగలగొట్టాలి. కాబట్టి అక్క నడక అంతా పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు.

శనివారం మధ్యాహ్నం ఆటల కంపెనీ పెద్దాయన వచ్చాడు. శాతం పంపిన నోటుపుస్తకం చదివి, ఆట చూద్దామని తనే వెతుక్కుంటూ వచ్చాడు. ఇద్దరూ రెండు ఆటలు ఆడారు. మొదటిది ఆయన గెలిచాడు, రెండోది ఆమె గెలిచింది.

"మీ లోకం నాకు తెగ నచ్చిందమ్మా. ఆ మొగుడూ పెళ్ళాల గాలితొట్టి దగ్గర నవ్వాపుకోలేకపోయాను. కానీ ఆట ఏదీ?"

"ఇప్పుడు ఆడిందే కదా సార్."

"ఆడామా? నేను బండి నిండా వేసుకున్నాను, మీరూ వేసుకున్నారు. ముందు నేను బయల్దేరాను, నేను గెలిచాను. తర్వాత మీరు బయల్దేరారు, మీరు గెలిచారు. బుర్రకి పని ఎక్కడుంది?"

శాతం తల దించుకోలేదు. "నిజమే సార్. ఇప్పటికి రెండువందల నలభై ఆటలు రాసిపెట్టాను. నూట డెబ్బై ఒకటి మొదట ఆడినవాళ్ళవే. నూటికి డెబ్బై ఒకటి."

"తెలిసే చూపించారా?"

"తెలియకుండా చూపిస్తే ఇంకా తప్పు కదా సార్."

ఆయన గట్టిగా నవ్వాడు. "ఆ బరువు మామూలుగా పెట్టండి. మోత బరువనిపిస్తేనే మనిషి ఎంత వేసుకోవాలా అని ఆలోచిస్తాడు. ఈ ఏడాది పది ఆటలు వేస్తున్నాం. తొమ్మిది కుదిరాయి. పదోది గురువారం పదకొండింటికి తేల్చేస్తాం. మీది కాకపోతే ఇంకొకరిది." పైకప్పుకి తల తగలకుండా మెల్లగా అడుగులేసుకుంటూ గది దాటి వెళ్ళిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరక్కముందే శాతం చేతిలో సుద్దముక్క ఉంది. ఆ నల్లటి గడిలో ఏ అంకైనా మార్చి చూసేయడం ఆమెకి ఏడాదిగా అలవాటు. అది బూడిదరేవు అంకె మాత్రమే కాదు, గది అంకె కూడా అన్న సంగతి ఆ క్షణాన గుర్తులేదు. చేతిగుడ్డతో తుడిచి, 'బరువు: మామూలు' అని రాసింది.

వెనకాల ధబ్బుమంది.

అరవై మూడో చుట్టులో ఉన్న అక్క నేల మీద ఉంది, ఎడమకాలు కింద మడతపడి. పైవాటా ఆవిడ కవలలతో సహా కుర్చీలో కూలబడి, "అమ్మో, వీళ్ళకి ఒక్క ముద్దతోనే ఇంత బరువొచ్చిందేంటి!" అంది.

శాతం గబగబా గడి తుడిచి మళ్ళీ 'ఆరో వంతు' అని వంకరటింకరగా రాసింది. అక్క గోడ పట్టుకుని లేచింది.

"చెప్పి మార్చొచ్చుగా, ఏదో ఒకటి పట్టుకునేదాన్ని."

"మర్చిపోయానక్కా. దెబ్బ తగిలిందా?"

"నా సంగతి వదిలెయ్. ఆ అంకెతో నీ ఆట బాగుంటుందా?"

"బాగుంటుంది. సార్ చెప్పింది తప్పు కాదు."

"అయితే మార్చు."

"మార్చను."

"పిచ్చిగా మాట్లాడకు. నాకు కర్రలున్నాయి. నీకున్నది ఒక్క గురువారం."

"నీకోసం ఒక్కటే అనుకోకు. అక్కడ బరువు ఆరో వంతు. ఆ మనుషుల నడక, బండ్లు, గుమ్మటాలు అన్నీ దాన్నిబట్టే ఉన్నాయి. దాన్ని మారిస్తే నలభైఒక్క పేజీలూ చించెయ్యాలి. ఇంకో దారి ఉంటుంది."

"ఉండే అవకాశం ఎంత శాతం?" అని వెక్కిరించింది అక్క.

శాతం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అంకె చెప్పలేదు. "ఉంది. అంతే," అంది.

ఆదివారం బండి చిన్నది చేసి చూసింది. మొదట ఆడినవాళ్ళు నూటికి అరవై తొమ్మిది గెలిచారు. సోమవారం షాపు నుంచి రాగానే దార్లో గోతులు పెట్టింది. డెబ్బై నాలుగు. దొంగల్ని పెట్టింది, గాలితొట్టికి చిల్లులు పెట్టింది, తలుపులకి తాళాలు వేసింది. మొత్తం ఏడు రకాలు. డెబ్బై చుట్టూ తిరిగిన అంకె అక్కణ్ణుంచి కదల్లేదు. అమ్మ కంచం తెచ్చి బల్ల మీద పెట్టబోతే, "అక్కడ కాదమ్మా, అది మూడో గుమ్మటం," అంది. "నీ గుమ్మటాలు సల్లగుండ, ముందు తినవే," అని అమ్మ కంచాన్ని నాలుగో గుమ్మటం మీద పెట్టింది.

మంగళవారం మధ్యాహ్నం అక్క తన పాత పనిముట్ల సంచీ భుజాన వేసుకుని చుట్లు తిరుగుతోంది. పద్దెనిమిది కిలోల సంచీ, ఆ గదిలో మూడు కిలోలు. గోడ దగ్గర మళ్ళబోయి భుజం గోడకి గుద్దుకుంది. గోడ సున్నం కొంచెం రాలింది.

"మళ్ళీ గుద్దుకున్నావా? రోజుకి ఎన్నిసార్లక్కా?"

"ఏం చెయ్యను? బరువు తగ్గింది గానీ ఊపు తగ్గలేదు. ఎత్తడానికి దూదిపింజే. ఆపడానికి మాత్రం పద్దెనిమిది కిలోలూ ఉన్నాయి."

శాతం పెన్సిల్ ఆగిపోయింది. అక్క గమనించకుండా చెప్పుకుపోతోంది.

"లిఫ్టూ ఇంతే. జనం మోటారే అందర్నీ పైకి లాగుతోందనుకుంటారు. అవతల ఎదురుబరువు కట్టి ఉంటుంది కాబట్టి లాగడం పెద్ద పని కాదు. మా మేస్త్రీ మొదటిరోజే అన్నాడు, ఎక్కించడం ఎవడైనా ఎక్కిస్తాడు, గడప సమానంగా ఆపడం నేర్చుకో అని. బ్రేకు ముందే అందుకోవాలి. జనం నిండుగా ఉంటే ఇంకాస్త ముందు."

"ఎంత ముందు?"

"ఏంటి?"

"ఒక దిమ్మ ఎక్కువైతే ఎంత ముందు అక్కా? ఒక గడా, రెండు గడులా?"

అక్క సంచీ దించి వచ్చి బల్ల మీదికి వంగింది. అలా ఇద్దరూ కలిసి రాశారు. బూడిదరేవులో ఎవరైనా ఎన్ని దిమ్మలైనా ఎత్తుకోవచ్చు. కానీ ఎన్ని దిమ్మలుంటే అన్ని గడుల ముందే బ్రేకు వెయ్యాలి, వేసినప్పటి నుంచి తన వంతు వచ్చినప్పుడల్లా ఒక్క గడే జరగాలి. మర్చిపోతే బండి గుమ్మటం తలుపు దాటి తిన్నగా చీకట్లోకి పోతుంది.

అమ్మని పిలిచి కూర్చోబెట్టారు. అమ్మ ఆరు దిమ్మలు వేసుకుని బయల్దేరి, ఇంకో మూడు గడులుండగా బ్రేకు అందుకుంది. బండి తలుపు దాటేసింది. "ఆగవే! ఆగు, ఊరు వెళ్ళిపోతోంది!" అని బండి మీద అరిచింది. రెండో ఆటలో రెండే దిమ్మలు వేసుకుని, మెల్లగా ఆగుతున్న శాతాన్ని దాటేసి, తలుపు పడేలోపు చేరి గెలిచింది. "ఇంకొకటి వెయ్యండే," అని చీరకొంగు బిగించింది. పొయ్యి మీద పెట్టిందేదో మాడింది.

బుధవారం శాతం షాపుకి సెలవు పెట్టింది. ఆటకి పన్నెండు నిమిషాల లెక్కన, రెండు రోజుల్లో కలిపి పది గంటలు, యాభై ఆటలు. మొదట ఆడినవాళ్ళు గెలిచినవి ఇరవై ఆరు. నూటికి యాభై రెండు. ఆ అంకె కింద రెండు గీతలు కొట్టి, మడిచే అట్ట మీద పటం కొత్తగా గీసుకుంది.

గురువారం పదకొండింటికి కంపెనీలో పొడవాటి గదిలో పెద్దాయనా, ఇంకో ఇద్దరూ కూర్చున్నారు. అక్క చంకకర్రలతో గోడ పక్క కుర్చీలో ఉంది. శాతం అట్ట విప్పి బల్ల మీద పరిచింది. పెద్దాయన చేతిలోంచి జారిన పెన్ను తీరిగ్గా నేల మీదికి దిగింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "కానివ్వండి," అన్నాడు. ఇదివరకు వంటింట్లో అట్ట మీద పనిచెయ్యని పటం ఇక్కడెందుకు పనిచేసిందని ఎవరూ అడగలేదు. అప్పుడది బొమ్మ. ఇప్పుడు ఎవరైనా ఎక్కడైనా కూర్చుని ఆడగలిగిన ఆట.

"బరువు మార్చలేదే!" అన్నాడు పెద్దాయన, నియమాల కాగితం చదివి.

"మార్చలేదు సార్. మీరు ముందు బండి నడపండి."

ఆయన ఏడు దిమ్మలు వేసుకున్నాడు, నవ్వుకుంటూ. అయిదో వంతులో నవ్వు పోయింది. ఏడో వంతులో ముందుకి వంగాడు. తొమ్మిదో వంతులో ఆయన బండి తలుపు దాటేసి చీకట్లో కలిసింది. "అరె, ఒక్క గడి!" అని బల్ల కొట్టాడు. "ఇంకోసారి."

మూడోసారి ఆడుతున్నప్పుడు శాతం తలెత్తి చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది. కర్రలు అక్కడే ఉన్నాయి. అక్క ఆ గది చివర కిటికీ దాకా నడిచి వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి వస్తోంది. ముప్పై అడుగుల గది. శాతం తన వంతు మర్చిపోయింది.

పదో ఆట అదే అయింది. ఆరు నెలలకి పెట్టెలు అచ్చయి వచ్చాయి. మొదటి పెట్టె చేతిలో పడగానే అక్క పాత మేస్త్రీకి ఫోన్ చేసింది. "పని ఉందా?" అని అడిగింది. ఆయన ఒక అడ్రసు చెప్పాడు.

అది తొమ్మిదంతస్తుల భవనం. మేస్త్రీ, శాతం చెరోవైపు పట్టుకుని అక్కని పైన మోటారు గదికి ఎక్కించారు. లిఫ్టు గొయ్యి ఆ గది నేలలోకే తెరుచుకుంటుంది. నేల మీద శాతం పెట్టె తెరిచి, పటం విప్పి, బండ్లు వాటి వాటి గడుల్లో పెట్టింది. మేస్త్రీ జేబులోని తాళంచెవులు తేలికై గలగలలాడాయి. ఆయన నడుం తాడు తెచ్చి అక్కకిచ్చాడు. "కొత్త నిచ్చెన. నేనే బిగించాను. కింద లిఫ్టుకున్న బ్రేకు పట్టేసింది, దిగి వదిలించాలి," అన్నాడు.

అక్క కర్రలు శాతం చేతికిచ్చింది. నిచ్చెన మొదటి మెట్టు మీద ఎడమకాలు పెట్టి, మెల్లగా ఒళ్ళంతా దాని మీదికి తెచ్చింది. కాలు నిలబడింది. కింది అంతస్తులో ఇరుక్కున్న లిఫ్టులోంచి ఎవరో తలుపు బాదుతున్నారు.

"వస్తున్నా! తలుపు ముట్టుకోకండి!" అని అరిచి, తాడు ఒకసారి లాగి చూసుకుని, అక్క దిగడం మొదలుపెట్టింది.