ఆరంగుళాల అక్రమం

నేను ఒక గోడముక్కను. మొత్తం గోడనని గొప్పలు పోను. మాధురీ ఎన్‌క్లేవ్ రెండో అంతస్తులో, సుభాషిణి ఫ్లాటు బాత్‌రూమ్ గుమ్మం పక్కన, ఆరంగుళాల వెడల్పున పదకొండేళ్ళు నిలబడ్డాను. ఇటుకకు ఇంత నోరా అని ముఖం చిట్లించకండి. నా మీద అంత రాద్ధాంతం చేసినవాళ్ళకు లేని మొహమాటం నాకెందుకు?

మేస్త్రి పోలయ్య గుమ్మానికి ముప్పై అంగుళాలు వదిలాడు. పైబరువంతా మోసే లింటెల్ కూడా దానికి తగ్గట్టే పోశాడు. తీరా బిల్డరు పంపిన ద్వారబంధం ఇరవై నాలుగు! ఎక్కడో మిగిలిన సరుకు. "ఆరంగుళాలేగా, నాలుగు ముక్కలెట్టి పూసెయ్. ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు బిల్డరు. అలా విరిగిన ఇటుకలతో నేను పుట్టాను. తనిఖీకి వచ్చిన ఆఫీసరు కిందనే కుర్చీ వేయించుకుని, అంతా ప్లాను ప్రకారమే ఉందని రాసి వెళ్ళాడు.

సుభాషిణి బ్లౌజులు కుట్టి ఆ ఫ్లాటు కొనుక్కుంది. నిరుడు ఆటో బోల్తాపడి ఆమె కాళ్ళు చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీ వెడల్పు ఇరవై ఆరు అంగుళాలు. నా దగ్గరికొచ్చి ఆగిపోయేది. చెల్లెలు చంద్రకళ చంకల కింద చేతులేసి లోపలికి ఈడ్చుకెళ్ళేది. చంద్రకళ పనికెళితే సాయంత్రం దాకా సుభాషిణి మంచినీళ్ళు ముట్టేది కాదు. అది చూస్తూ నిలబడడం ఎంత నరకమో! నన్ను పడగొట్టండర్రా అని అరవాలనిపించేది.

గుమ్మం వెడల్పు చేయించుకుంటానని ఆమె అసోసియేషన్‌కు అర్జీ పెట్టింది. ఇది బరువు మోసే గోడ కాదని ఇంజినీరు రాసిచ్చిన కాగితం కూడా జత చేసింది. సెక్రటరీ ఫణిభూషణరావు మీటింగులో గొంతు సవరించుకున్నారు.

"చూడండమ్మా, ఆ గోడమీద సుత్తి పడిందంటే బిల్డింగంతా మన నెత్తిమీదకొస్తుంది. ప్లాను మార్చడానికి రూల్సు ఒప్పుకోవండి."

నేను మోసేది ఏమిటయ్యా? ఒక సబ్బుపెట్టె! పైగా ఈ మాటన్న పెద్దమనిషి తన బాల్కనీ మూసేసి పూజగది కట్టుకున్నారు. దేవుణ్ణి లోపల పెడితే గోడ లెక్కలోకి రాదు కాబోలు.

"అయితే ఆ ప్లానేదో చూపించండి" అంది సుభాషిణి. ఎవరి దగ్గరా లేదు. సమాచార హక్కు కింద మున్సిపల్ ఆఫీసుకు రాసింది. నెలకు నకలు వచ్చింది. మెడలోని టేపు తీసి గుమ్మం కొలిచింది. కాగితం చూసింది. మళ్ళీ కొలిచింది. పకపకా నవ్వింది. ప్రమాదం తర్వాత ఆమె అలా నవ్వడం అదే మొదలు.

తర్వాతి మీటింగుకు ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది.

"నాకు మీ అనుమతి అక్కర్లేదండి. ప్లానులో గుమ్మం ముప్పై, ఉన్నది ఇరవై నాలుగు. ప్లాను మార్చింది నేను కాదు, ఆ గోడముక్క. రూలు ప్రకారం దాన్ని తీసేస్తున్నాను. మీ బాల్కనీ కూడా ఇందులో గీసుందండి. చదవమంటారా?"

"అబ్బే, ఇప్పుడవన్నీ ఎందుకమ్మా... లిఫ్టు సంగతి చూద్దాం" అన్నారాయన.

అవును, అక్రమం నేనే. రూల్సు పేరు చెప్పి వాళ్ళు కాపాడుకొచ్చింది నన్నే!

మంగళవారం పొద్దున సుత్తి పడింది. నాలుగు దెబ్బలకే నేలకొరిగాను. బస్తాలో కూరి హాల్లో ఓ మూల పడేశారు. రెండురోజుల్లో కొత్త ద్వారబంధం, కొత్త తలుపు బిగించారు.

"నేనూ రానా అక్కా?" అంది చంద్రకళ.

"వద్దు. నువ్వక్కడే ఉండు."

కుర్చీ లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. లోపల్నుంచి గడియ పడింది. చంద్రకళ బయట నిలబడి భోరున ఏడ్చేసింది.

ఇక నన్ను ఏ గుంటలో పారబోస్తారో పారబోయండి. మళ్ళీ ఎవరి గుమ్మానికైనా అడ్డం పెట్టారో, ఈసారి నిలబడను.