రెండో పిలుపు

ఎవరైనా పిలిస్తే, నిజంగానే పిలిచారా, తనకే అలా వినిపించిందా? ఈ అనుమానాన్ని ఆమె పెళ్ళికి ముందునుంచీ మోస్తోంది. అన్నయ్య మానసిక జబ్బు అలాగే మొదలైంది మరి. ఎవరూ పిలవకపోయినా "ఆఁ, వస్తున్నా" అంటూ వెళ్ళి గుమ్మంలో నిలబడేవాడు. అప్పటినుంచి ఆమె మొదటి పిలుపుకు పలకదు. రెండోసారి పిలిస్తేనే తల తిప్పుతుంది. ఆమె పనిచేసే కుట్టుదుకాణంలో అందరూ చెవుడే అనుకున్నారు.

"మా ఆవిడకి పిలుపైనా సరే, రెండు కుట్లు వేస్తేగానీ నిలవదు" అని భర్త నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఎందుకో మాత్రం చెప్పలేదు.

మొన్న దేవుడి పటం ముందు కళ్ళు మూసుకుని కూర్చుంటే, కాలేజీలో చదివే కూతురు వచ్చింది.

"అమ్మా, పిలిచావా?"

పిలవలేదు. అన్నయ్య కూడా ఇలాగే వచ్చి నిలబడేవాడు.

"ఆఁ, పిలిచా. ఆ కిటికీ మూసెయ్యి."

"మూసే ఉంది కదమ్మా!"

దేవుడి ఎదుటే అబద్ధం. అదీ అతకని అబద్ధం.

అందుకే, ఇన్నాళ్ళూ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్న పరిశోధనశాలకు అన్నయ్య వెంట వెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ అన్నయ్య రక్తకణాల నుంచి మెదడు కణాలను పెంచుతోంది. పోల్చి చూడటానికి జబ్బులేని తోబుట్టువు రక్తం కూడా కావాలట. 'జబ్బులేని' అన్న మాట దగ్గరే ఆమెకు అనుమానం.

తెరమీద ఆ కణాలు: చీకట్లో సన్నటి పోగులు, అక్కడక్కడ మిణుకులు.

"ఒక కణం కబురు పక్కదానికి చేరాలంటే చిన్న సందు దాటాలమ్మా" అంది డాక్టరమ్మ. "కణం కొసన బుల్లి సంచుల్లో రసాయనం ఉంటుంది. సంచి తెరుచుకుంటేనే అవతలిదానికి అందుతుంది. మీ అన్నయ్య జన్యువుల్లో ఉన్న ఒక మార్పు వల్ల కొన్ని సంచులు తెరుచుకోవడం లేదు."

ఒక మిణుకు వెలిగింది. పక్క పోగు పలకలేదు.

"నా బుర్రని గాజుగిన్నెలో పెట్టి, నన్ను బయట కూర్చోబెట్టారే బుడ్డీ!" అన్నాడు అన్నయ్య. "అద్దె కూడా ఇవ్వరు."

డాక్టరమ్మ నవ్వింది. చెల్లెలికి నవ్వు రాలేదు. కిటికీ సంగతి చెప్పేసింది.

"నాలోనూ అదే ఉంటే? నా పిల్లకీ వస్తే?"

"ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉన్నా చాలామందికి జబ్బు రాదు. ఇది జాతకం కాదమ్మా. ఎవరో పిలిచినట్టు అనిపించడం ఎవరికైనా అప్పుడప్పుడు ఉండేదే. పాపతో మాట్లాడుతూ ఉండండి. మళ్ళీమళ్ళీ అయితే తీసుకురండి."

ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరికీ దేవుడు ఎలా పంచాడు? ఆయన్నే అడగాలనిపించింది. అడిగితే జవాబు వినిపిస్తుందేమోనని భయమేసి ఊరుకుంది.

నర్సు సూదులతో వచ్చింది. అన్నయ్య ముఖం పాలిపోయింది.

"మళ్ళీ నాదేనా? నీది తియ్యరా?"

"నాదీ తీస్తారు."

నోట్లోంచి ఆ మాట వచ్చాకే తన నిర్ణయం ఆమెకు తెలిసింది.

చిన్నప్పుడు ఆమెకు సూది వేసిన ప్రతిసారీ అన్నయ్యే అరచేత్తో ఆమె కళ్ళు మూసేవాడు. అయిపోయేదాకా తీసేవాడు కాదు. ఆ రుణం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు తన అరచేతిని అతని కళ్ళమీద పెట్టింది. చేతికింద రెప్పలు టపటపా కొట్టుకున్నాయి.

"అయిపోయిందా?"

"ఉండు... ఆఁ, అయిపోయింది."

చెయ్యి తీసి, నర్సు ముందు చాపింది.