రాజమణి టీవీ గడప దాకా వచ్చిన రోజు

లాల్‌దర్వాజాలో మా సందు ఎంత ఇరుకంటే, రాజమణి ఇంట్లో పోపు వేస్తే ఎదురింట్లో సక్కుబాయి తుమ్మాలి. అలాంటి ఇద్దరూ నాలుగు నెలలుగా మాట్లాడుకోవడం లేదు. రాజమణి పక్కిల్లు నాది కావడం నా ఖర్మ. ఇద్దరి తిట్లూ నా చెవుల మీదుగానే నడిచేవి.

"అక్కా, కొందరికి టీవీ రాంగనే కండ్లు నెత్తికెక్కినయ్" అని ఒకామె. "అక్కా, కొందరికి నోరు తప్ప ఏం లేదని చెప్పు" అని ఇంకొకామె. ఇద్దరికీ మధ్య నాలుగడుగుల దూరం లేదు. నేనేం చెప్పాలి, నా తలకాయ!

గొడవంతా పల్లికాయల దగ్గర వచ్చింది. మా సందులో మొదటి టీవీ రాజమణిదే. ఆదివారం సాయంత్రం సినిమాకు అందరం ఆమె ఇంట్లోనే ఉండేవాళ్లం. ఒక ఆదివారం సక్కుబాయి ఉడకబెట్టిన పల్లికాయలు తింటూ, పొట్టు చాప కిందకు తోసింది. రాజమణి అందరి ముందే, "టాకీస్ అనుకున్నవా? పొట్టు ఏరి పో" అంది. సక్కుబాయి దిగ్గున లేచింది. "మళ్ల నీ గడప తొక్కితే నేను మా అయ్యకు పుట్టినదాన్నే కాదు" అంది. "నేను పిలుస్తె గద!" అంది రాజమణి. ఇద్దరూ అన్న మాట మీద నిలబడే మనుషులు. అదే వచ్చిన చిక్కు.

ఆ వేసవిలో సక్కుబాయి భర్త కృష్ణయ్యకు ఢిల్లీలో అవార్డు ప్రకటించారు. ఆయన ఆర్టీసీ డ్రైవరు. ఇన్నేళ్ల సర్వీసులో మనిషికి గానీ మేకకు గానీ ఆయన బస్సు తగలలేదు. సభ జరుగుతుండగానే టీవీలో చూపిస్తారని డిపోలో చెప్పారట. ప్రయాణం ఖర్చు ఒక్కరికే ఇచ్చారు. "టీవీల చూడే. ఎట్లున్ననో వచ్చినంక చెప్పాలె" అని ఆయన రైలెక్కాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన డ్యూటీలో ఉన్నంతసేపూ ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని బతికింది సక్కుబాయి. నన్నడిగితే ఆ అవార్డులో సగం ఆమె భయానికే ఇవ్వాలి.

టీవీ చూడటానికి వేరే దారులేమున్నాయో ఆమె అన్నీ వెతికింది. సైదాబాద్‌లో మరిది ఇంటికి పోతే, వాళ్ల టీవీ రిపేరుకు పోయిందన్నారు. చార్మినార్ దగ్గర ఒక దుకాణంలో అద్దం వెనక టీవీ నడుస్తుంటే నిలబడి చూసింది. ఆటోలూ బండ్లూ రెండు నిమిషాలు నిలబడనివ్వలేదు. మూలమీద హోటల్లో టీవీ ఉంది గానీ, అక్కడంతా మగవాళ్లూ బీడీల పొగా.

"రేడియోల వస్తె వినరాదు?" అన్నాను.

"మొగుణ్ణి వినుడు రోజు ఉండేదే అక్కా. చూడాలె" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను రాజమణి దగ్గరకు పోయి, "ఒక్క మాట పిలువరాదు?" అన్నాను.

"నేను పిలువ. వస్తె వద్దంటనా?" అంది. నాకు ఒళ్లు మండింది. ఇద్దరినీ ఒక గదిలో పెట్టి గొళ్లెం వేయాలనిపించింది.

సభ రోజు పొద్దు గూకేవేళ రాజమణి ఇంట్లోంచి బల్ల జరుపుతున్న చప్పుడు వినబడింది. చూద్దును గదా, రేడియోలు బాగుచేసే బాబూమియా ఒకవైపు, రాజమణి ఒకవైపు పట్టుకుని టీవీని బల్లతో సహా గడప దాకా తెచ్చారు. తెర సందు వైపు తిప్పారు.

"అక్కా, లోపట ఉక్క పోస్తుంది. గాలికి పెట్టుకుంటున్న. నా టీవీ, నా ఇష్టం" అని రాజమణి సందంతా వినబడేలా నాకు చెప్పింది.

సక్కుబాయి చాటలో బియ్యం పోసుకుని తన అరుగు మీద కూర్చుంది. "అక్కా, నా అరుగు మీద నేను కూసున్న. ఎవరి దిక్కు చూస్తలేనని చెప్పు" అంది. నాకు నవ్వాపుకోవడమే సరిపోయింది.

యాంటెన్నా వైరు గడప దాకా అందలేదు. బాబూమియా ఇంకో ముక్క కలిపి, యాంటెన్నా తిప్పడానికి మిద్దెక్కాడు. "ఆయా క్యా?" అని పైనుంచి ఆయన, "వచ్చింది, వచ్చింది... పోయింది" అని కింద మేము. వైరు అతుకు నిలవడం లేదు. రాజమణి టీవీ వెనక కూలబడి ఆ అతుకును వేళ్లతో గట్టిగా నొక్కింది. బొమ్మ తేటగా వచ్చింది. వేలు తీస్తే తెరంతా చుక్కలు. మళ్లీ నొక్కింది.

"ఛోడో నక్కో అమ్మా!" అని బాబూమియా అరిచాడు. వదలొద్దని మేమూ అరిచాం. తన టీవీ తనకే కనబడకుండా రాజమణి వెనకే ఉండిపోయింది.

పేర్లు పిలుస్తున్నారు. కృష్ణయ్య పేరు వినగానే సక్కుబాయి చేతిలో బియ్యం ఆగిపోయాయి. తెర మీద ఆయన కనబడ్డాడు. సందులో అందరం మెడలు చాచాం.

"వచ్చిండా?" అంది రాజమణి వెనకనుంచి. "అక్కా, వచ్చిండా అని అడుగుతున్న!"

నేను నోరు తెరిచేలోపే సక్కుబాయి చాట పక్కకు తోసి, సందు మధ్యకు వచ్చి నిలబడింది.

"వచ్చిండు వదినా! తెల్లంగి ఏసుకున్నడు. అటు ఇటు చూసుకుంట నడుస్తుండు, రోడ్డు దాటినట్టు. దండం పెట్టిండు. చేతుల పెట్టిన్రు వదినా, పెట్టిన్రు!"

"ఏడ్వకే. మంచిగ చూడు, నేను వదల" అంది రాజమణి. రెండు చేతులూ ఖాళీ లేక కళ్లు భుజానికి రాసుకుంది.

అంతా నిమిషంలో అయిపోయింది. తెర మీదికి ఇంకెవరో డ్రైవరు వచ్చాడు. ఆ సంగతి వెనకున్న మనిషికి తెలియదు.

"ఇంక? ఇంకేం చేస్తుండు?" అంది.

సక్కుబాయి ఆ కొత్త మనిషినే చూస్తూ, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నవ్వుతుండు వదినా. మన దిక్కే చూసి నవ్వుతుండు."